నాలుగు వేల గీత

షోరూం కుర్రాడు తాళం నా చేతిలో పెట్టి
"ముల్లు నాలుగు వేల గీత దాటకూడదు బాబాయ్,
మొదటి వెయ్యి కిలోమీటర్లూ" అన్నాడు.
నాకు చెప్తున్నాడు!
ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో
ఒక్కో పిస్టను నిలువెత్తు మనిషంత ఉండే ఇంజన్లకి
చెవి ఆనించి బతికినోణ్ని.

నిమ్మకాయలు సంపత్ వినాయకుడి గుడి ముందే చితికాయి.
బండి పసుపుకొమ్ము రంగు.
ఓనరు కేశవరాజు గారు. రొయ్యల ఎగుమతి. ఓపిక లేని మనిషి.
"నువ్వు తోలి మెత్తబరచి తీసుకురా గౌరీసూ,
అప్పుడు నేను కూచుంటాను" అన్నారు.

ఒకే వేగంలో పోకూడదు. అసలు సంగతి అది.
హైవే మీద ఎనభైలో పెట్టి నిద్రపుచ్చిన బండి
లోపల గాజులా నున్నబడిపోతుంది.
రింగుకి పట్టు దొరక్క
బతికున్నన్నాళ్లూ నూనె తాగుతుంది.
ఎక్కాలి, దిగాలి, ఎక్కాలి.
అందుకే శృంగవరపుకోట దాటించి ఘాటుకి తీసుకెళ్లాను.
మూడో గేరు, రెండు, మళ్లీ మూడు,
దిగేటప్పుడు బ్రేకు ముట్టకుండా
ఇంజనుతోనే ఆపుకుంటూ.

టైడా దగ్గర మంచు.
బోనెట్టు మీద చెయ్యేస్తే జొరమొచ్చిన పిల్ల నుదురు.
చల్లారేదాకా కూచున్నాను.
బొంగులో కోడి కాలుస్తున్న రాస్మో అడిగింది:
"ఇంత బండి పెట్టుకుని ఇంత మెల్లగొస్తన్నావేటి?
మా మనవడి ఆటో నిన్ను దాటీసింది."
కొత్త చెప్పులు కరుస్తాయి కదమ్మా, అన్నాను.
చెప్పు కాలిని కొరుకుతాది, కాలు చెప్పుని అరగదీస్తాది,
రెండూ కొంత పోగొట్టుకుంటేగాని నడక కుదరదు.
ఆవిడ తన కాళ్లకేసి చూసుకుంది.
చెప్పుల్లేవు.
అక్కర్లేకపోయినా రెండు బొంగులు కొన్నాను.

కష్టమంతా భీమిలి రోడ్డు మీదే.
తొట్లకొండ మలుపు తిరగ్గానే
సముద్రం మొత్తం ఒక్కసారే ఎదురొస్తుంది.
రోడ్డు ఖాళీ.
కుడికాలి బొటనవేలికి తిమ్మిరి.
మూడు వేల ఆరొందలు,
మూడు వేల తొమ్మిదొందలు,
గీత దగ్గర ముల్లు వణికింది.
అవతల ఇంకో నాలుగు వేలుంది,
ఎవరూ అడుగు పెట్టని పొద్దుటి ఇసకలాగ.
వెనకనుంచి బుల్లెట్టు మీద కుర్రాళ్లు ఈలేసి దాటారు:
"తాతా! అమ్మెయ్!"
కాలు తీశాను.

ఇచ్చేసే రోజు పొద్దున ఆటోనగర్లో,
ఖాసిం షెడ్డులో, మొదటి నూనె దించాం.
మీటరు తొమ్మిదొందల ఎనభై రెండు.
రెండు వేళ్ల మధ్య రాసి ఎండలో పెడితే
మినుకు మినుకు,
కవళ్ల పొలుసు దంచి కలిపినట్టు.
"పాడైపోయిందా మావా?" ఖాసిం కొడుకు బెంగ.
కాదురా, కుదురుకుంది.
ఇనుమూ ఇనుమూ తగువాడుకున్నప్పుడు
రాలిన మాటలివి.
పారబొయ్యి.

సింధియా మీదుగా వచ్చాను, కావాలనే.
షిప్‌యార్డు గేటు ముందు రెండో గేరులోకి దించాను.
సెక్యూరిటీ అబ్బాయి బండిని చూశాడు.
నన్ను చూళ్లేదు.

పాండురంగాపురంలో గేటు ముందు వెయ్యి పడింది.
రాజుగారు లుంగీలోనే దిగొచ్చి చెయ్యి చాచారు.
తాళం ఇంకా వెచ్చగానే ఉంది.
ఎలా ఉందని అడుగుతారనుకుని
ఘాటు నుంచీ ఒక మాట సిద్ధం చేసుకున్నాను.
అడగలేదు. ఐదొందల నోట్లు లెక్కపెట్టారు,
ఒకటి ఎక్కువే.

బీచి రోడ్డు మలుపు దాకా పసుపు కనపడింది.
తర్వాత వినపడింది.
నాలుగు వేలు.
ఐదు. ఆరు.
ఏడు...
ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు.
ఎక్కడా గరగర లేదు.
మేడల మీద పావురాళ్లన్నీ లేచిపోయాయి.
అది ఆగిపోయాక కూడా
గోడవార కాసేపు నిలబడ్డాను.

నాలుగొందల నంబరు బస్సు.
కండక్టరమ్మ నా నోటు తీసుకుని
తన వేళ్లు చూసుకుంది.
"ఏటిది, మెరుస్తంది? చేపల మార్కెట్టా?"
ఔనన్నాను.